జలుబు బిళ్ళలోని ముక్కు మందు: బీపీ ఉన్న పెద్దాయన, మూడేళ్ళ బాబు, వదలని స్ప్రే

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్ళు. బీపీకి టెల్మిసార్టాన్ 40, ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతున్నారు. పోయిన వారం జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి ఒక జలుబు బిళ్ళ తెచ్చుకుని రోజుకి మూడు వేసుకున్నారు. ఒళ్ళు నొప్పులకని డోలో 650 కూడా మూడు పూటలా వేసుకున్నారు. ముక్కు దిబ్బడ తగ్గలేదు. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు ఇంట్లో పెట్టి వెళ్ళిన అమెరికా బిళ్ళ, 12 గంటలు పనిచేసేది, రెండు రోజులు వేసుకున్నారు. ముక్కు తెరుచుకుంది గానీ నిద్ర లేదు, గుండె దడ, మూత్రం సరిగా రావడం లేదు. ఇంట్లో చూస్తే బీపీ 168/96. నిన్నటి నుంచి అన్నీ ఆపేశాం. ఇప్పుడు మా మూడేళ్ళ బాబుకీ జలుబు అంటుకుంది. ఇంట్లో ఉన్న జలుబు సిరప్ పట్టొచ్చా? మా వారు నాలుగు నెలలుగా ముక్కులో స్ప్రే కొట్టుకోకుండా నిద్రపోలేకపోతున్నారు, అదీ ప్రమాదమేనా? మిగిలిన మందులు ఏం చేయమంటారు?
పేరు వద్దన్న పాఠకురాలు, తెనాలి

జవాబు:

అమ్మా, బీపీ కన్నా ముందు మామగారి మూత్రం సంగతి చూడండి. ఆరేడు గంటలుగా అసలు రాకపోయినా, చుక్కలు చుక్కలుగానే వస్తున్నా, బొడ్డు కింద పొట్ట గట్టిగా ఉబ్బి నొప్పి పెడుతున్నా, రాత్రయిందని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ గొట్టం వేసి మూత్రం తీస్తారు, ఆ క్షణానే ప్రాణం కుదుటపడుతుంది. నీళ్ళు ఎక్కువ తాగిస్తే అదే వస్తుందని ఇంట్లో ప్రయత్నించకండి. మూసుకుపోయిన సంచిలో ఇంకా నీళ్ళు నింపినట్టవుతుంది. ధార సన్నగా అయినా వస్తూ ఉంటే, వాడిన బిళ్ళల స్ట్రిప్పులన్నీ పట్టుకుని రేపు ఉదయమే డాక్టరుకు చూపించండి.

బీపీ చూసేటప్పుడు ఆయన్ని కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. ఉదయం, సాయంత్రం చూస్తే చాలు. పది నిమిషాలకోసారి చూస్తే ఆ కంగారుకే పెరుగుతుంది. అమెరికా బిళ్ళ ప్రభావం ఒకటి రెండు రోజుల్లో పోతుంది, బీపీ కూడా దానితో దిగాలి. ఈలోగా టెల్మిసార్టాన్ రెండు వేయడం లాంటి సొంత వైద్యం వద్దు, రోజూ వేసేది మాత్రం మానొద్దు. పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటి, దానితో ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబాటు, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి, నిమిషంలోపే, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా అంతే. ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు అసలు విషయం. ముక్కు దిబ్బడ అంటే చీమిడి అడ్డుపడటమే అనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం వాపు. ముక్కులోపలి పొర కింద ఉన్న రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకు చేస్తాయి. అందుకే ఎంత చీదినా గాలి ఆడదు. ముక్కు మందులన్నీ ఆ రక్తనాళాలను బిగించేవే. మింగిన మందు ఒంట్లోకి వెళ్ళాక, ముక్కులో ఉన్న నాళాలను మాత్రమే ఎంచుకుని బిగించలేదు. చేతుల్లో, కాళ్ళలో, మెదడులో ఉన్నవాటినీ అదే పట్టు పడుతుంది. మూత్రసంచి మూతి దగ్గరి కండరాన్నీ బిగిస్తుంది. మామగారు వాడే టామ్సులోసిన్ పని ఆ కండరాన్నే వదులు చేయడం. అంటే ఒక బిళ్ళ తిప్పి తెరిచిన కుళాయిని ఇంకో బిళ్ళ బిగించింది.

పైగా జలుబు బిళ్ళల్లో దాదాపు ఎప్పుడూ ఉండే క్లోర్‌ఫెనిరమిన్, తుమ్ములు ఆపే పాత తరం అలర్జీ మందు, మూత్రసంచి పిండే బలాన్ని తగ్గిస్తుంది. సంచి మూతి బిగిసింది, పిండే శక్తి తగ్గింది. ప్రొస్టేట్ పెరిగిన పెద్దవాళ్ళకు జలుబు రోజుల్లో మూత్రం ఆగిపోవడానికి ఇది బాగా తెలిసిన దారి. ఈ రెండోదాన్ని ఎవరూ అనుమానించరు, నిద్ర వస్తుందని మాత్రమే చెబుతారు.

మీ మామగారు వాడిన రెండు ముక్కు మందులూ ఒకటి కావు, ఆ తేడా తెలుసుకోవాలి. మన దగ్గర షాపుల్లో దొరికే జలుబు బిళ్ళల్లో సాధారణంగా ఉండేది ఫినైలెఫ్రిన్, 5 లేదా 10 మిల్లీగ్రాములు. దీన్ని మింగితే పేగు గోడలోనూ కాలేయంలోనూ విరిగిపోయి, నూటికి ఒక వంతు కూడా చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరదు. 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘంలోని 16 మంది సభ్యులూ నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ ఈ మోతాదులో ముక్కు దిబ్బడకు పనిచేయదని ఏకగ్రీవంగా తేల్చారు. 2024 నవంబరులో దాన్ని చీటీ లేకుండా అమ్మే మందుల జాబితా నుంచి తీసేయాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. అందుకు కారణం ప్రమాదం కాదు, ప్రయోజనం లేకపోవడం. ముక్కులో వేసే ఫినైలెఫ్రిన్ చుక్కలకు ఈ తీర్పు వర్తించదు, అవి నేరుగా వాపు మీద పడతాయి. కాబట్టి రోజుకు మూడు బిళ్ళలు వేసుకున్నా ముక్కు తెరుచుకోలేదంటే మామగారి జలుబు మొండిది అనుకోనక్కర్లేదు.

పనిచేయని మందు హాని మాత్రం ఎలా చేస్తుందని మీకు అనిపించవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు 10 మిల్లీగ్రాములు పెద్దగా ఏమీ చేయదు. కానీ పేగులో ఫినైలెఫ్రిన్‌ను విరగ్గొట్టే దారిలోనే పారాసిటమాల్ కూడా వెళ్తుంది. రెండూ కలిసి వస్తే ఆ దారి ఇరుకై, ఫినైలెఫ్రిన్ మామూలు కన్నా ఎక్కువగా రక్తంలోకి జారుతుంది. మన జలుబు బిళ్ళల్లో చాలావాటిలో ఈ రెండూ కలిపే ఉంటాయి. ఆ పైన డోలో కూడా వేసుకున్నారు, అదీ పారాసిటమాలే. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, పార్కిన్సన్స్‌కు ఇచ్చే సెలెజిలిన్, రాసాజిలిన్ వాడేవాళ్ళకు పేగులోని ఇంకో అడ్డుగోడ కూడా పడిపోతుంది. వాళ్ళు ఫినైలెఫ్రిన్ గానీ సూడోఎఫెడ్రిన్ గానీ ముట్టుకోకూడదు, బీపీ ప్రాణాపాయం దాకా ఎగబాకుతుంది. నరాల నొప్పులకు అమిట్రిప్టిలిన్, చేతి వణుకుకో మైగ్రేన్‌కో ప్రొప్రనలోల్ వాడేవాళ్ళు కూడా డాక్టరును అడగకుండా వాడొద్దు.

రెండోది, డల్లాస్ బిళ్ళ. ముక్కు తెరిపించి నిద్ర పోగొట్టిందంటే, 12 గంటలు పనిచేసేదంటే, అది సూడోఎఫెడ్రిన్ అనే నా అనుమానం. స్ట్రిప్ చూసి ఖాయం చేసుకోండి. ఇది పేగుల్లో విరగదు, దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది. అందుకే ముక్కు నిజంగా తెరుచుకుంటుంది, అందుకే దడ, నిద్ర లేకపోవడం, బీపీ, మూత్రం బిగుసుకోవడం కూడా. పరీక్షల్లో సగటున పై బీపీ పెరిగింది 1 మిల్లీమీటరు మాత్రమే. ఆ అంకె చూసి ధైర్యపడేవాళ్ళున్నారు. సగటులో చాలామందికి ఏమీ కాకపోవడం, కొద్దిమందికి బాగా పెరగడం రెండూ కలిసిపోతాయి. మీ మామగారు ఆ రెండో రకం కావచ్చు. యూరప్ మందుల సంస్థ ఈఎంఏ 2023లో దీన్ని తిరిగి పరిశీలించింది. మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయి మెదడు వాపు, ఫిట్స్, పిడుగుపాటు లాంటి తలనొప్పి వచ్చిన అరుదైన కేసులను చూసి, బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళు, మందు వాడినా బీపీ అదుపులో లేనివాళ్ళు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళు దీన్ని వాడకూడదని చెప్పింది. పైన ఆ తలనొప్పి గురించి అంతగా హెచ్చరించింది ఇందుకే.

అమెరికాలో దీన్ని కౌంటరు వెనక పెట్టి, గుర్తింపు కార్డు చూసి, రోజుకు 3.6 గ్రాములకు, 30 రోజుల్లో 9 గ్రాములకు మించకుండా అమ్ముతారు. అంత జాగ్రత్త బీపీ రోగుల కోసం అనుకోకండి. దీని నుంచి మెథాంఫెటమిన్ అనే మత్తుమందు వండుతారు కాబట్టి. మన దేశంలోనూ ఇది మత్తుమందుల చట్టం కింద నియంత్రణలో ఉంది. అక్కడ కార్డు చూపించి కొన్న మందు కాబట్టి మేలైనది అయి ఉంటుందనే అభిప్రాయం మన ఇళ్ళలో ఉంది. అది సరికాదు. పైగా ఆ పొడవాటి ప్రభావం ఉన్న బిళ్ళను మింగలేక కొరికినా, సగానికి విరిచినా, 12 గంటల మందు ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది.

పేర్ల గందరగోళం ఇక్కడే. సూడాఫెడ్ అంటే సూడోఎఫెడ్రిన్, సూడాఫెడ్ పీఈ అంటే ఫినైలెఫ్రిన్. క్లారిటిన్‌-డి, అల్లెగ్రా-డి, జిర్టెక్-డిలో ఆ చివరి డి అంటే సూడోఎఫెడ్రిన్ కలిసిందని. మన దగ్గర చరిత్ర ఇంకా పాతది. ఒకప్పుడు జలుబు బిళ్ళల్లో ఫినైల్‌ప్రొపనోలమిన్ ఉండేది. మెదడులో రక్తస్రావంతో దానికి సంబంధం తేలి 2000లో అమెరికా దాన్ని ఆపించింది, 2011లో మన కేంద్ర ప్రభుత్వం నిషేధం ప్రకటించింది. కొన్ని బిళ్ళల పేర్లు అలాగే ఉండిపోయాయి, లోపలి మందు మారింది. అందుకే ముందువైపు పెద్దక్షరాల పేరు చదివి లాభం లేదు. వెనకవైపు సన్నక్షరాల్లో ఇంగ్లీషులో పి, హెచ్, ఇ, ఎన్‌తో మొదలయ్యేది ఫినైలెఫ్రిన్, పి, ఎస్, ఇ, యు తో మొదలయ్యేది సూడోఎఫెడ్రిన్. కళ్ళు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

అలా చదివితే డోలో లెక్క కూడా బయటపడుతుంది. మన జలుబు బిళ్ళల్లో సాధారణంగా పారాసిటమాల్ 500 ఉంటుంది. రోజుకు మూడు అంటే 1500, మూడు డోలోలతో 1950, మొత్తం 3450 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు గరిష్ఠం 4000, కానీ 68 ఏళ్ళ మనిషికి 3000 దాటకుండా చూడటం మంచిది. మద్యం తాగే అలవాటున్నా, కాలేయం బలహీనంగా ఉన్నా ఇంకా తగ్గించాలి. ఇంకో పూట కాస్త జ్వరం వచ్చి ఉంటే లెక్క నాలుగు వేలు దాటేది, ఎవరికీ తెలిసేది కాదు.

మరి మామగారికి జలుబు వస్తే ఏం వాడాలి? నొప్పులకు, జ్వరానికి ఒక్క పారాసిటమాలే, ఏ కలగలుపూ లేనిది, ఆరు గంటల ఎడం పాటించి. ముక్కుకు ఉప్పునీళ్ళ చుక్కలు రోజుకు నాలుగైదు సార్లు. 0.65 శాతం సోడియం క్లోరైడ్ చుక్కలు మెడికల్ షాపులోనే దొరుకుతాయి. ఇంట్లో చేసుకుంటే అర లీటరు నీళ్ళకు నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే చెంచాకు కొంచెం వెలితిగా. నీళ్ళు తప్పకుండా మరిగించి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు తిన్నగా ముక్కులోకి పంపితే అందులో ఉండే ఒక రకం అమీబా మెదడుకు పాకే ప్రమాదం ఉంది, అరుదే గానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. ఆ నీళ్ళు మూత పెట్టి ఆ రోజే వాడేసి, మిగిలింది పారబోయండి. రాత్రి తల కింద ఇంకో దిండు వేస్తే దిబ్బడ కాస్త తగ్గుతుంది, పడుకుంటే ఆ నాళాల్లో రక్తం ఇంకా నిండుతుంది కదా. మిరియాల చారు గొంతుకు హాయినిస్తుంది, దాన్ని వద్దనను. బీపీ అదుపులో ఉన్నప్పుడు పడుకునేముందు ముక్కు స్ప్రే మూడు రాత్రులు వాడొచ్చా అన్నది ఆయన డాక్టరును అడగండి. మింగే బిళ్ళ కన్నా దాని నుంచి ఒంట్లోకి వెళ్ళేది తక్కువ, అయినా అసలు వెళ్ళదని కాదు. నీటికాసుల జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు కూడా అడిగే వాడాలి.

ఆ స్ప్రే మాట వచ్చింది కాబట్టి మీ వారి సంగతి. జైలోమెటజోలిన్ 0.1 శాతం, ఆక్సీమెటజోలిన్ 0.05 శాతం స్ప్రేలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు వాడి ఆపేస్తే మంచి మందులు. ఆ తర్వాతే చిక్కు. బిగించీ బిగించీ నాళాలు మందుకు అలవాటు పడతాయి, ప్రభావం దిగగానే ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి. దాన్ని మనిషి జలుబనుకుని మళ్ళీ కొట్టుకుంటాడు. నాలుగు నెలలుగా మీ వారికి ఉన్నది జలుబు కాదు, ఆ స్ప్రే తెచ్చిన వాపే అయి ఉండొచ్చు.

దీన్ని ఆపే పద్ధతి ఉంది. ఈఎన్‌టీ డాక్టరును కలిసి ఫ్లూటికసోన్ లేదా మొమెటసోన్ స్టెరాయిడ్ స్ప్రే రాయించుకోమనండి. పేరు విని భయపడొద్దు, ముక్కులో పడేది కొద్దిపాటి మోతాదే. దాని ప్రభావం రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈ విషయం తెలియక చాలామంది రెండో రోజే పారేస్తారు. ఒక వారం అది వాడాక పాత స్ప్రేను ఒక ముక్కుపుటంలో పూర్తిగా ఆపాలి. ఒక వైపు గాలి ఆడుతుంది కాబట్టి రాత్రి గడుస్తుంది. ఆ పుటం తెరుచుకున్నాక, వారం పది రోజులకు, రెండోదీ ఆపాలి. స్ప్రే కొట్టేటప్పుడు తల కాస్త ముందుకు వంచి, కుడి పుటానికి ఎడమ చేత్తో, ఎడమ పుటానికి కుడి చేత్తో, మొన చెవివైపు తిప్పి కొట్టాలి. ముక్కు మధ్య గోడ మీద పడితే ఎండిపోయి రక్తం కారుతుంది. మొదట స్ప్రే ఎందుకు మొదలుపెట్టారో, మధ్య గోడ వంకరో, అలర్జీయో, ముక్కులో పెరిగే మెత్తటి కండలు పాలిప్సో, అదీ ఆ డాక్టరే చూడాలి. లేకపోతే రెండు నెలల్లో మళ్ళీ అదే సీసా.

ఆ సీసా ఎక్కడ ఉంటుంది? దిండు కిందా? మూడేళ్ళ పిల్లవాడున్న ఇంట్లో అది చాలా ప్రమాదం. ఈ స్ప్రేలు, కంటి ఎరుపు తగ్గించే కొన్ని చుక్కలు ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా పసివాళ్ళకు మత్తు కమ్మి, గుండె వేగం తగ్గి, ఊపిరి మందగించి స్పృహ తప్పవచ్చని ఎఫ్‌డీఏ 2012లోనే హెచ్చరించింది. పెద్దవాళ్ళకు బీపీ పెంచే కుటుంబంలోని మందే పసివాడి మెదడుకు చేరితే ఇలా తిరగబడుతుంది. ఎప్పుడైనా తాగాడని అనుమానం వస్తే వాంతి చేయించకండి, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. ఇవాళే దాన్ని తాళం ఉన్న అలమరలోకి మార్చండి.

బాబుకు ఆ సిరప్ పట్టొద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద రాయాలని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది, 2025 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని గెజెట్ నోటిఫికేషన్‌గా ఇచ్చింది. అంతకుముందు తయారైన సీసా మీద ఆ హెచ్చరిక ఉండకపోవచ్చు, లేదని పట్టేయకండి. ఇందులో ఇంకో ఉచ్చు ఉంది. చుక్కల మందు గాఢత మిల్లీలీటరుకు రాస్తారు, సిరప్‌ది 5 మిల్లీలీటర్లకు రాస్తారు. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. చుక్కల మందును చెంచాతో పోస్తే ఐదింతలు ఒంట్లో పడుతుంది.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ సిరప్ తాగి పసివాళ్ళు కిడ్నీలు పాడై చనిపోయిన వార్త మీ మనసులో ఉండే ఉంటుంది. ఆ సిరప్‌లోనూ ఈ మందులే, కానీ ప్రాణాలు తీసింది వాటిలో కలిసిన డైఎథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక విషం. పరీక్షలో అది 48.6 శాతం ఉన్నట్టు తేలింది. రెండు ప్రమాదాలూ వేరు. అయితే అవసరం లేని సిరప్ పట్టకపోతే రెండూ తప్పుతాయి.

బాబుకు చేయాల్సింది ఇంత. పాలకు, అన్నానికి, నిద్రకు ముందు ఒక్కో పుటంలో రెండు మూడు ఉప్పునీటి చుక్కలు. రాత్రి దగ్గు ఉంటే పడుకునేముందు అర చెంచా తేనె, ఏడాది దాటిన పిల్లలకే సుమా. జ్వరం ఉంటే పారాసిటమాల్, కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 14 కిలోల బాబుకు 200 మిల్లీగ్రాములనుకుంటే, 5 మి.లీ.కి 250 ఉన్న సిరప్ అయితే 4 మి.లీ., 125 ఉన్నదైతే 8 మి.లీ. వంటింటి చెంచాతో కాదు, సూది లేని సిరంజితో కొలవండి. వాము మూట వాసన చూపించడం సరే గానీ, దానిలో కర్పూరం కట్టి మెడలో వేయొద్దు. నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. బేసిన్‌లో వేడినీళ్ళు పెట్టి ఆవిరి పట్టడం కూడా పిల్లలకు వద్దు, ఒలికి ఒళ్ళు కాలుతుంది.

బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 40 లేదా అంతకు మించి ఉన్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద సొట్ట పడుతున్నా, నీళ్ళు కూడా తాగకుండా మగతగా ఉన్నా, మూడు రోజులకూ జ్వరం వదలకపోయినా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇవేవీ లేకపోతే జలుబు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా ఉండటం మామూలే.

మిగిలిన మందుల సంగతి. జలుబు బిళ్ళల, డల్లాస్ బిళ్ళల స్ట్రిప్పులు డాక్టరుకు చూపించే దాకా ఉంచండి, ఆ తర్వాత ఇంట్లో ఉంచొద్దు. ఇరుగుపొరుగుకూ ఇవ్వకండి, వాళ్ళ బీపీ అంకె మీకు తెలియదు. బిళ్ళలు స్ట్రిప్పులోంచి తీసి, సిరప్‌తో సహా వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో ముడివేసి చెత్తలో వేయండి. సింకులో పోయొద్దు. మీ ఆడపడుచు మళ్ళీ వచ్చేటప్పుడు ఆ బిళ్ళలు తేవద్దని, నాన్నగారి ప్రొస్టేట్ సంగతి చెప్పి మరీ చెప్పండి.